పది మీటర్ల ఇంటర్నెట్

మీ ఫోన్ సెట్టింగుల్లో హాట్‌స్పాట్ దగ్గరికి వెళ్లి చూడండి. అక్కడే యూఎస్‌బీ టెథరింగ్ అనీ, బ్లూటూత్ టెథరింగ్ అనీ ఇంకో రెండు బటన్లు ఉంటాయి. ఆ బ్లూటూత్ బటన్‌ని ఒక్కసారైనా నొక్కారా? నాకు తెలిసినవాళ్లలో నొక్కినవాళ్లు ముగ్గురో నలుగురో. మిగతా అందరికీ బ్లూటూత్ అంటే ఇయర్‌బడ్స్. కొంచెం పెద్దవాళ్లకైతే కాలేజీ రోజుల్లో పాటలు పంపుకున్న జ్ఞాపకం. అందులోంచి ఇంటర్నెట్ కూడా వస్తుందని చెబితే, 'ఎందుకండీ, హాట్‌స్పాట్ ఉందిగా!' అంటారు.

ఉంది, నిజమే. కానీ హాట్‌స్పాట్ వేయడమంటే ఫోన్‌ని చిన్న వైఫై రౌటర్‌గా మార్చడం. కాసేపటికే వీపు భాగం వేడెక్కుతుంది. బ్యాటరీ కళ్లముందే కరుగుతుంది. ప్లగ్గు పక్కన కూర్చున్నవాళ్లకి దాంతో ఇబ్బంది లేదు. ప్లగ్గు దొరకడమే గగనమైన చోట, రాత్రిపూట గంటల తరబడి నెట్ కావాలంటే? నాకు వరసగా ఎనిమిది రాత్రులు అలా కావాల్సి వచ్చింది. ఆ ఎనిమిది రాత్రులూ నన్ను గట్టెక్కించింది ఎవరూ నొక్కని ఆ బటనే. దానికి అవతలి కొసన నా పాత లినక్స్ ల్యాప్‌టాప్.

ఎనిమిది రాత్రులు

మాది నర్సీపట్నం. ఒక చిన్న కంపెనీకి కాంట్రాక్టు మీద సర్వర్లు చూసే పని నాది. రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా షిఫ్టు. ఏదైనా సర్వర్ మొరాయిస్తే ఇంటినుంచే లాగిన్ అయి సరిచేయాలి. లాగ్ ఫైళ్లు చూడాలి. పొద్దున వచ్చేవాళ్లకి రిపోర్టు రాసిపెట్టాలి. అంతా నల్ల తెర మీద తెల్ల అక్షరాలే. బొమ్మల్లేవు, వీడియోల్లేవు. పనిచేసిన రాత్రికే డబ్బులు. ఒక రాత్రి మానేస్తే ఆ రాత్రి జీతం ఉండదు. రెండు వారాలు మానేస్తే ఉద్యోగమే ఉండకపోవచ్చు.

వానాకాలంలో అమ్మ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. వైజాగ్‌లో ఒక ఆసుపత్రిలో చేర్పిస్తే ఆపరేషన్ చేయాలన్నారు. నాన్న లేరు. తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడు. పగలు పిన్ని వచ్చి కూర్చునేది. రాత్రిళ్లు అమ్మ దగ్గర ఉండాల్సింది నేనే, మందుల ఖర్చుకి సంపాదించాల్సిందీ నేనే.

వార్డులో రెండు మంచాలకి ఒక ప్లగ్గు. పక్క మంచం పెద్దాయనకి ఆయాసం. ఆయన నెబ్యులైజర్‌కే ముందు హక్కు. అది న్యాయం కూడా. నా ఫోన్ చూస్తే చార్జింగ్ పాయింట్ లూజు. వైరుని ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే ఎక్కుతుంది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అలా పట్టుకుని కూర్చుని నింపుకుంటే మర్నాటి దాకా అదే. ల్యాప్‌టాప్ కూడా అక్కడే నింపుకునేదాన్ని. తెర వెలుతురు తగ్గించి అక్షరాల పని మాత్రమే చేసుకుంటే నాలుగు గంటలు లాగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు. నెట్ ఇవ్వాల్సింది ఫోనే. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగిపోకూడనిదీ ఆ ఫోనే. రక్తం ఇస్తామన్నవాళ్లు ఆ నంబరుకే చేస్తారు. తమ్ముడు ఆ నంబరుకే చేస్తాడు. నేను మందులకోసం కిందికి దిగినప్పుడు డ్యూటీ నర్సు ఆ నంబరుకే చేస్తుంది. హాట్‌స్పాట్ వేస్తే తెల్లారేసరికి బ్యాటరీ ఎర్రగీత దాకా పడిపోతుంది. యూఎస్‌బీ వైరు పెడదామంటే లూజు పాయింట్, ఊపిరి పీల్చినా కనెక్షన్ ఊడుతుంది. బ్లూటూత్ మీద నాలుగు గంటలు పనిచేసినా తెల్లారికి సగం పైన మిగిలేది. అది కూడా గోరువెచ్చగానైనా కాకుండా.

నెమ్మదా? నెమ్మదే. కానీ నాకు కావాల్సింది అక్షరాలు. ఒక్కో రాత్రి నా పనికి పట్టే డేటా మీరు చూసే రెండు రీల్స్ అంత ఉండదు.

ఇంతకీ ఏంటిది?

మనిషి చుట్టూ ఉండే సామాన్లు తమలో తాము మాట్లాడుకునే చిన్న నెట్‌వర్క్‌ని 'పర్సనల్ ఏరియా నెట్‌వర్క్' అంటారు. పొట్టిగా 'పాన్'. ఆధార్‌తో లింక్ చేసే పాన్ కాదు లెండి. 1996లో ఐబీఎం పరిశోధకుడు థామస్ జిమ్మర్‌మన్ ఈ పేరుతో ఒక పద్ధతి చూపించాడు. ఇద్దరు మనుషులు చేతులు కలిపితే వాళ్ల శరీరాల మీదుగానే విజిటింగ్ కార్డు వివరాలు ఒకరి పరికరంలోంచి ఇంకొకరి పరికరంలోకి వెళ్లడం. తర్వాత ఆ చోటుని బ్లూటూత్ ఆక్రమించింది.

బ్లూటూత్ అనేది పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ మారుపేరు. విడివిడిగా ఉన్న తెగల్ని కలిపిన రాజు కాబట్టి, ఫోన్లనీ కంప్యూటర్లనీ కలిపే రేడియోకి ఆ పేరు బాగుంటుందని ఇంటెల్ ఇంజినీర్ జిమ్ కార్డాక్ సూచించాడు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కలిసి సంఘం పెట్టాయి. తాత్కాలికంగా అనుకున్న పేరు అలాగే స్థిరపడిపోయింది. మీ ఫోన్లో ఉండే ఆ గుర్తు, రాజుగారి పేరు, మారుపేరు రెండింటి మొదటి అక్షరాల్ని పాత స్కాండినేవియా లిపిలో ఒకదాని మీద ఒకటి రాసినది.

వైఫైలో చాలా భాగం, వంటింటి మైక్రోవేవ్ ఒవెన్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే ఇదీ పనిచేస్తుంది. అక్కడ గందరగోళం ఎక్కువ. అందుకని బ్లూటూత్ ఒకచోట నిలబడి మాట్లాడదు. 79 చిన్న చానళ్ల మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతూ మాట్లాడుతుంది. రద్దీగా ఉన్న చానళ్లని గుర్తించి వాటిని వదిలేసి గెంతడం 2003 నుంచి నేర్చుకుంది. మామూలు ఫోన్ బ్లూటూత్ అందేది దాదాపు పది మీటర్లు. దానికి పట్టే కరెంటు చాలా తక్కువ. నా ఫోన్ చల్లగా ఉండటానికి కారణం అదే.

వేగం మాత్రం ఆశ పెట్టుకోకండి. కాగితం మీద సెకనుకి 3 మెగాబిట్లు. చేతికొచ్చేది అందులో సగం అటూ ఇటూ. అంటే ఒక ఎంబీ ఫైలు దిగడానికి అయిదారు సెకన్లు. వాట్సాప్ మెసేజీలు, మెయిల్, సర్వర్ లాగిన్, యూపీఐ, పీడీఎఫ్ హాల్‌టికెట్ హాయిగా నడుస్తాయి. మ్యాచ్ లైవ్ చూద్దామంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది.

నాలుగు మెట్లు

లినక్స్‌లో ఇది ఎక్కించడం కష్టమేం కాదు. పైగా ఒక్కో మెట్టు కళ్లకి కనిపిస్తుంది. ఉబుంటు, ఫెడోరా లాంటివాటిలో మౌసుతో నొక్కి కూడా చేసుకోవచ్చు. కానీ టెర్మినల్‌లో ఒక్కసారి చేస్తే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది, ఎక్కడ ఆగిందో పట్టుకోవచ్చు. కమాండ్లని ఇక్కడ పలికే తీరులో రాస్తున్నా. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి.

మొదటి మెట్టు, రేడియోని నిద్రలేపడం. 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' అని కొడితే మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న రేడియోలన్నీ, ఏది ఆపేసి ఉందో సహా కనిపిస్తాయి. బ్లూటూత్ దగ్గర బ్లాక్ అని ఉంటే 'ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ బ్లూటూత్'. చాలామంది 'నా లినక్స్‌లో బ్లూటూత్ పనిచేయదు' అనేది ఈ మెట్టు దగ్గరే. ల్యాప్‌టాప్‌లో అసలు బ్లూటూత్ లేకపోతే గోరంత యూఎస్‌బీ డాంగిల్ పెడితే సరి.

రెండో మెట్టు, పరిచయం. లినక్స్‌లో బ్లూటూత్ సంగతులన్నీ చూసేది బ్లూజెడ్ అనే సాఫ్ట్‌వేర్. క్వాల్‌కామ్‌లో పనిచేసిన మ్యాక్స్ క్రాస్న్యాన్‌స్కీ మొదలుపెట్టాడు. 2001లో లినక్స్ కెర్నల్‌లోకి చేరింది. దాంతో మాట్లాడటానికి 'బ్లూటూత్‌సీటీఎల్' అని కొట్టండి. లోపల 'పవర్ ఆన్', తర్వాత 'స్కాన్ ఆన్'. చుట్టుపక్కల పరికరాల పేర్లు వస్తాయి. ఒక్కోదాని పక్కన రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతల చిరునామా ఉంటుంది. మీ ఫోన్ చిరునామా చూసుకుని 'పెయిర్' అని కొట్టి దాని పక్కన ఆ చిరునామా ఇవ్వండి. ఫోన్ మీదా ల్యాప్‌టాప్ మీదా ఆరంకెల నంబరు కనిపిస్తుంది. రెండూ ఒకటేనా కాదా అని కళ్లతో చూసి, అప్పుడే సరే అనాలి. మధ్యలో ఇంకెవరూ దూరలేదని చెప్పే సాక్ష్యం అదొక్కటే.

మూడో మెట్టు, నమ్మకం. 'ట్రస్ట్' అని కొట్టి మళ్లీ అదే చిరునామా. పెయిర్ వేరు, ట్రస్ట్ వేరు. పెయిర్ అంటే ఇద్దరి దగ్గరా ఒకే తాళంచెవి ఉందని. ట్రస్ట్ అంటే వచ్చిన ప్రతిసారీ 'ఎవరూ?' అని అడగక్కర్లేదని.

నాలుగో మెట్టు, ఎవరు ఏ పాత్ర అన్నది. పాన్‌లో మూడు పాత్రలున్నాయి. బయటి ఇంటర్నెట్‌కి దారి ఇచ్చేది 'న్యాప్'. బయటికి దారి లేకుండా తమలో తాము మాట్లాడుకునే గుంపుని నడిపేది 'జీఎన్'. వాడుకునేది 'పాన్‌యూ'. ఫోన్‌లో బ్లూటూత్ టెథరింగ్ నొక్కిన క్షణాన ఫోన్ న్యాప్ అవుతుంది. ల్యాప్‌టాప్ పాన్‌యూ. ఇప్పుడు 'ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ కనెక్ట్' అని కొట్టి ఫోన్ చిరునామా ఇస్తే చాలు. 'ఐపీ అడ్రస్' అని చూస్తే 'బీఎన్ఈపీ సున్నా' అనే కొత్త పేరు కనిపిస్తుంది. మిగతా కంప్యూటర్ దృష్టిలో అది ఒక మామూలు నెట్‌వర్క్ కేబుల్. లోపల బీఎన్ఈపీ పద్ధతి ఈథర్నెట్ కవర్లని బ్లూటూత్ కవర్లలో పెట్టి పంపుతూ ఉంటుంది. బ్రౌజర్‌కి ఆ సంగతే తెలీదు.

రెండు జాగ్రత్తలు. 'బ్లూటూత్‌సీటీఎల్'లోనే 'కనెక్ట్' కొడితే ఫోన్ మీ ల్యాప్‌టాప్‌ని స్పీకర్ అనుకోవచ్చు. అర్ధరాత్రి వార్డులో ఫోన్ ధ్వని ల్యాప్‌టాప్‌లోంచి రాకుండా, ఫోన్‌లో ఆ పరికరం పేరు పక్కనున్న సెట్టింగుల్లో కాల్స్, మీడియా ఆడియో రెండూ ఆపేశాను. ఇంకోటి, ఫోన్ ఆపి ఆన్ చేస్తే టెథరింగ్ బటన్ చాలాసార్లు ఆఫ్‌కి వెళ్లిపోతుంది. కనెక్షన్ రాకపోతే ముందు అది చూడండి.

పాత వ్యాసాల్లో 'పాండ్' అనే కమాండ్ వాడమని ఉంటుంది. బ్లూజెడ్ 5లో అది లేదు, దానికోసం వెతికి అలసిపోకండి. నెట్‌వర్క్ మేనేజర్ లేని చిన్న లినక్స్‌లలో 'బ్లూజెడ్ టూల్స్' ప్యాకేజీలోని 'బీటీ నెట్‌వర్క్' ఆ పని చేస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో, నెట్‌బీఎస్‌డీలో 'బీటీపాండ్' అని ఉంది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 2014లో బ్లూటూత్‌నే మొత్తంగా తీసేశారు. కాబట్టి అక్కడ ఈ దారి లేదు.

పక్క మంచం మనవడు

ఆరో రాత్రి. పక్క మంచం పెద్దాయనకి తోడుగా ఆయన మనవడు వచ్చాడు. శ్రీకాకుళం పక్క ఊరు, డిగ్రీ సెకండియర్. ఫోన్ పైకెత్తి కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతున్నాడు. వాడి సిమ్‌కి ఆ వార్డులో సిగ్నల్ రాదు. కిందికి వెళ్దామంటే తాతకి ఆక్సిజన్ మాస్కు ఊడిపోతోంది, ఎవరో ఒకరు పట్టుకునే ఉండాలి. తెల్లారుజామున వాళ్ల నాన్న రాగానే బస్సెక్కాలి, మధ్యాహ్నం పరీక్ష. హాల్‌టికెట్ ఇంకా దించుకోలేదు.

'బ్లూటూత్ ఆన్ చెయ్యి' అన్నాను.

'బ్లూటూతా అక్కా? హాట్‌స్పాట్ ఇవ్వవా?' వాడికి నేను ఏదో పిసినారితనం చేస్తున్నట్టు అనిపించింది. నా బ్యాటరీ చూపించాను. ఇంకేం మాట్లాడలేదు.

రెండు ఫోన్ల మీదా ఆరంకెలు వచ్చాయి. వాడు చిన్నగా చదివాడు, నేను నా ఫోన్‌లో చూస్తూ తలూపాను. వాడి ఫోన్‌లో నా ఫోన్ పేరు పక్కన 'ఇంటర్నెట్ యాక్సెస్' అనే స్విచ్ ఉంటుంది, అది వేయించాను. ఒక ఫోన్ చుట్టూ ఏడు దాకా పరికరాలు చేరే వీలుంది బ్లూటూత్‌లో. మాది రెండే, నా ల్యాప్‌టాప్, వాడి ఫోన్. ఉన్న కాస్త వేగాన్నీ ఇద్దరం పంచుకున్నాం. నా టెర్మినల్‌లో అక్షరాలు ఒక్క క్షణం ఆగి ఆగి పడ్డాయి.

'చాలా స్లో అక్కా.'

'నీక్కావాల్సింది ఒక్క పేజీ. వస్తుందిలే.'

యూనివర్సిటీ పేజీ తెరుచుకోవడానికే నిమిషం పట్టింది. తర్వాత పీడీఎఫ్ ఇట్టే దిగింది. వాడు ఫోటో, రోల్ నంబరు రెండుసార్లు చూసుకున్నాడు. తాత మాస్కు సర్దాడు. అప్పుడు అమ్మ కళ్లు తెరిచి, 'ఏటమ్మా, ఇంకా తొంగోలేదా?' అంది. పని ఉందన్నాను. 'ఫోనులో సార్జింగుందా?' అంది. ఆ వారం రోజుల్లో అమ్మ నన్ను అన్నం తిన్నావా అని ఎన్నిసార్లు అడిగిందో, అదీ అన్నిసార్లు అడిగింది. ఉందన్నాను. అది నిజమే కాబట్టి హాయిగా చెప్పగలిగాను.

వాడు తెల్లారి వెళ్తూ 'పెయిర్ తీసెయ్యనా అక్కా?' అని అడిగాడు. సరైన ప్రశ్నే. పని అయిపోయాక కొత్తవాళ్ల ఫోన్లని లిస్టులోంచి తీసేయడం మంచి అలవాటు. లినక్స్‌లో అయితే 'రిమూవ్' అని కొట్టాలి. తీసెయ్యమన్నాను, తీసేశాడు. ఎనిమిదో రాత్రి దాటాక మేమూ ఇంటికొచ్చాం. ఇప్పుడు అమ్మ వాకర్ పట్టుకుని పెరటి గుమ్మం దాకా నడుస్తోంది.

ఎంత కావాలో అంత

ఇదంతా చెప్పి హాట్‌స్పాట్ మానెయ్యమని అనడం లేదు. ఆన్‌లైన్ క్లాసులు, సినిమాలు, పెద్ద డౌన్‌లోడ్లు ఉన్నవాళ్లకి బ్లూటూత్ సరిపోదు. పైగా ఖర్చయ్యేది అదే సిమ్ డేటా, అదేం ఉచితం కాదు. ల్యాప్‌టాప్ చాటుగా అప్‌డేట్లు దించడం మొదలుపెడితే ఉన్న వేగం అక్కడే అయిపోతుంది. బ్లూటూత్ మీద ఉన్నప్పుడు అవి ఆపుకోవాలి.

నేను చెప్పేది వేరే. మనకి ఎప్పుడూ ఎక్కువ వేగం, ఎక్కువ దూరం, ఎక్కువ జీబీలు అమ్ముతుంటారు. మనమూ వాటినే చూసి కొంటాం. కానీ గట్టి అవసరం పడిన రోజున అడగాల్సిన ప్రశ్న 'ఎంత వేగం?' కాదు. 'నా పనికి ఎంత చాలు, అది ఎంతసేపు నిలబడుతుంది?' అన్నది. నా ఫోన్‌కీ నా ల్యాప్‌టాప్‌కీ మధ్య దూరం మూరెడు. వీధి చివరిదాకా వినిపించే రేడియోతో నాకేం పని?

అందుకని ఒక మాట. ఇది అవసరం పడిన రాత్రి నేర్చుకునే పని కాదు. నేను ఆ వార్డులో అయిదు నిమిషాల్లో పని మొదలుపెట్టగలిగానంటే, ఏడాది కిందట ఇంట్లో కరెంటు పోయిన ఒక సాయంత్రం ఊసుపోక పెయిర్ చేసి పెట్టుకున్నందుకే. ఈ ఆదివారం ఖాళీగా ఉంటే మీరూ చేసి పెట్టుకోండి. ఫోన్, ల్యాప్‌టాప్ పక్కపక్కన పెట్టి ఆ ఆరంకెలు సరిచూసి, ట్రస్ట్ కొట్టి, ఒక పేజీ తెరిచి చూసి, ఆపేయండి. పావుగంట పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాని అవసరం రాకపోతే అంతకంటే మంచిది లేదు.